పాత అంబాసిడర్‌లోకి వాన నీరు కారుతోందా? సిలికాన్ పూసే ముందు ఇవి చూడండి!

పొందూరు (శ్రీకాకుళం జిల్లా): రాత్రంతా వాన. పొద్దున్నే కారు డోర్ తీస్తే ముక్కిన వాసన. కాలి కింద మ్యాట్ ఎత్తితే నీళ్లు. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని ఉన్న ఇళ్లలో వానాకాలం వస్తే ఇదే కథ. చాలామంది చేసే పని కూడా ఒక్కటే. ఒక సిలికాన్ ట్యూబ్ తెచ్చి, గ్లాసు చుట్టూ, డోర్ల చుట్టూ పూసేస్తారు. నాలుగు రోజులు బాగానే ఉంటుంది. తర్వాత మళ్లీ మామూలే. కొన్నిసార్లు ముందుకంటే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఎందుకంటే నీరు కనిపించిన చోటు వేరు, అది లోపలికి వచ్చిన చోటు వేరు!

ఉత్తరాంధ్రలో ఎందుకు జాగ్రత్త?

ఖద్దరుకు పేరున్న పొందూరు, పక్కనున్న ఆమదాలవలస, చీపురుపల్లి వైపు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రుతుపవనాల వానలు. అవి తగ్గాయి అనుకునేసరికి అక్టోబర్‌లో తుపాన్ల భయం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. తుపాను గాలికి వాన పై నుంచి కాదు, పక్క నుంచి కొడుతుంది. మామూలు వానకు తట్టుకున్న రబ్బరు కూడా అప్పుడు లీకవుతుంది.

ఇంకో విషయం. అంబాసిడర్‌కు మూలం బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారా ప్లాంటులో దీని తయారీ 2014 మేలో ఆగింది. పద్మిని తయారీ ఆగి కూడా రెండు దశాబ్దాలు దాటింది. ఈ రెండు కార్లకూ లారీలా కింద విడిగా ఛాసిస్ ఫ్రేమ్ ఉండదు. బాడీ రేకే బలం. సీట్లు బిగించేది కూడా ఆ ఫ్లోర్ రేకుకే. అంటే మ్యాట్ కింద తుప్పు పట్టడం అందం సమస్య కాదు, ప్రాణాల సమస్య.

ముందు ఇది వాన నీరేనా?

పెడల్స్ దగ్గర తడి వేలికి జిడ్డుగా తగిలితే అది నీరు కాకపోవచ్చు. బ్రేక్ లేదా క్లచ్ ఆయిల్ లీక్ కావచ్చు. అలాంటప్పుడు కారు కదపకుండా మెకానిక్‌ను పిలవాలి. తర్వాత ఏసీ పెట్టించిన కారైతే, దాని డ్రెయిన్ పైపు మూసుకుపోయినా ముందు సీటు కింద నీళ్లు చేరతాయి. ఎండ కాసిన రోజు కూడా ఏసీ వేస్తే తడి వస్తోందంటే అనుమానం దాని మీదే.

లీక్ పట్టుకోవడం ఎలా?

ఇద్దరు మనుషులు, ఒక నీళ్ల పైపు, ఒక టార్చ్ చాలు. ముందు మ్యాట్లు, వాటి కింద గోనె లాంటి మెత్త తీసేసి ఫ్లోర్ పూర్తిగా ఆరనివ్వాలి. ఒకరు టార్చ్‌తో లోపల కూర్చోవాలి. రెండో వాళ్లు బయట నుంచి నీళ్లు వదలాలి. పైపును వేలితో నొక్కి జోరుగా కొట్టకూడదు, వానలా మెల్లగా పారనివ్వాలి.

అసలు కిటుకు ఏంటంటే, కింద నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. ముందు డోర్ కింది భాగం, తర్వాత గ్లాసు కింది అంచు, ఆ తర్వాత పక్కలు, చివర్లో పై అంచు. ఒక్కో చోట కొన్ని నిమిషాలు ఆగాలి. పై నుంచి మొదలుపెడితే నీరు అన్నిచోట్లకూ జారి, ఎక్కడ నుంచి వచ్చిందో తెలియదు. అనుమానం ఉన్న చోట లోపల కొంచెం టాల్కమ్ పౌడర్ చల్లితే నీటి చార స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు గ్లాసు: మూలల్లోనే అసలు గుట్టు

పాత కార్లలో ముందు, వెనక గ్లాసులను రబ్బరు పట్టి ఉంచుతుంది. ఆ రబ్బరుకు రెండు గాడులుంటాయి. ఒకదాంట్లో గ్లాసు, ఇంకోదాంట్లో బాడీ రేకు అంచు. ఏళ్ల తరబడి ఎండకు రబ్బరు బిగుసుకుపోయి, కుంచించుకుపోతుంది. ముందు వదులయ్యేది మూలల్లో. అక్కడ దూరిన నీరు డ్యాష్‌బోర్డు వెనక నుంచి జారి కాళ్ల దగ్గర తేలుతుంది.

రబ్బరు మెత్తగానే ఉంటే, దాని అంచు మెల్లగా ఎత్తి, లోపల మట్టి తుడిచి, గట్టిపడని రకం గ్లాసు సీలెంట్ ఎక్కిస్తే సరిపోతుంది. పగుళ్లు కనిపిస్తే రబ్బరు మార్చాల్సిందే. గ్లాసు తీసినప్పుడు రేకు అంచు తప్పకుండా చూడాలి. అక్కడ తుప్పు ఉండగా కొత్త రబ్బరు వేస్తే అది కూడా లీకవుతుంది. బిగించేటప్పుడు గాడిలో నైలాన్ తాడు పెట్టి, సబ్బు నీళ్లు రాసి, లోపల నుంచి తాడు లాగుతారు. గ్రీజు, కిరోసిన్, డీజిల్ మాత్రం రబ్బరుకు తగలనివ్వొద్దు. ఉబ్బి పాడవుతుంది.

డోర్‌లోకి నీళ్లు రావడం తప్పు కాదు!

ఇది చాలామందికి తెలియదు. కిటికీ అద్దం మీద పడ్డ వాన నీరు డోర్ లోపలికి దిగడం మామూలే. కంపెనీ డిజైనే అంత. ఆ నీరు పోవడానికి డోర్ అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. మట్టి, ఆకులు అడ్డుపడినా, పెయింట్ వేసినప్పుడు పుట్టీతో మూసేసినా నీరు లోపలే నిలిచిపోతుంది. డోర్ అడుగు కుళ్లుతుంది, నీరు పొంగి క్యాబిన్‌లోకి వస్తుంది. డోర్ ఊపితే గలగల శబ్దం వస్తే అదే గుర్తు.

సన్నని వైరుతో ఆ రంధ్రాలు శుభ్రం చేస్తే చాలాసార్లు పైసా ఖర్చు లేకుండా సమస్య తీరిపోతుంది. డోర్ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీట్ ఉందో లేదో కూడా చూడాలి. రిపేరుకు తీసి తిరిగి పెట్టకపోతే నీరు నేరుగా ప్యాడ్ మీదకు, అక్కడ నుంచి ఫ్లోర్ మీదకు వస్తుంది. లీక్ అవుతోందని ఈ రంధ్రాలనే సిలికాన్‌తో మూసేస్తే డోర్‌ను చేతులారా నీళ్ల ట్యాంకు చేసినట్టే.

డిక్కీ సంగతేంటి?

డిక్కీ మూతకు, రబ్బరుకు మధ్య ఒక కాగితం ముక్క పెట్టి మూయాలి. కాగితం సులువుగా లాగితే వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టు. కొత్త రబ్బరు కొనే ముందు తాళం కొక్కెం, కీలు సర్ది చూడాలి. చాలాసార్లు మూత సరిగా కూర్చోకపోవడమే కారణం. వెనక లైట్ల కింద గాస్కెట్లు కూడా చూడాలి. డిక్కీ సందుల్లోంచి సైలెన్సర్ పొగ కూడా క్యాబిన్‌లోకి వస్తుంది, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

నడిపినప్పుడే తడి వస్తోందా?

ఆగి ఉన్నప్పుడు పొడిగా ఉండి, వానలో నడిపితేనే తడి అవుతోందంటే నీరు కింద నుంచి వస్తోంది. చక్రాలు చిమ్మే నీరు ఫ్లోర్ రంధ్రాల రబ్బరు మూతలు ఊడిన చోట, వైర్లు దూరే చోట, చక్రం పైన రేకుల అతుకుల్లో దూరుతుంది. చీకట్లో కారు కింద లైటు పెట్టి లోపల నుంచి చూస్తే ఆ రంధ్రాలు చుక్కల్లా కనిపిస్తాయి.

తుప్పు మీద పూత వద్దు

లీక్ ఆగాక అసలు పని మిగిలే ఉంటుంది. ఫ్లోర్ తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడాలి. గట్టి శబ్దం వస్తే ప్రైమర్, పెయింట్ వేసి, అతుకులకు సీమ్ సీలర్ పెట్టొచ్చు. మెత్తగా దిగబడితే ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. ఎం-సీల్, ఫైబర్ అతుకులతో బలం రాదు. తుప్పు మీద తారు పూత వేస్తే తడి దాని కిందే ఉండి రేకును తినేస్తుంది. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్‌లో ఆమ్లం ఉంటుంది. వట్టి రేకు మీద పూస్తే అదే తుప్పు తెస్తుంది.

బండి విలువ కూడా ఇందులోనే ఉంది. కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాన్ని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో భారీ మార్పులు చేసి ఉండకూడదు. అసలు రేకు ఎంత మిగిలితే అంత మంచిది.

వానలు మొదలయ్యేలోపు ఏం చేయాలి?

మే నెల ఎండల్లోనే నీళ్ల పరీక్ష చేసి, డోర్ రంధ్రాలు శుభ్రం చేయాలి. రబ్బరు కొనడానికి విశాఖ లాంటి పెద్ద ఊళ్లకు వెళ్తే పాత ముక్క శాంపిల్‌గా తీసుకెళ్లాలి, మోడల్ పేరు చెప్తే సరిపోదు. చెట్టు కింద కారు పెడితే ఆకులు రంధ్రాలు మూసేస్తాయి. ప్లాస్టిక్ పరదా బిగించి కప్పితే లోపల చెమ్మ పడుతుంది. గాలి ఆడే షెడ్డే మేలు. వాన వెలిసిన రోజు డోర్లు తీసి, మ్యాట్లు ఎండలో వేయాలి.

వరద నీటిలో కారు మునిగితే మాత్రం ఈ చిట్కాలు పనిచేయవు. స్టార్ట్ చేయకుండా బ్యాటరీ వైరు తీసి, మెకానిక్ వచ్చేదాకా ఆగాలి.

సింపుల్‌గా చెప్పాలంటే, నీరు వచ్చే దారి వెతికి మూయాలి, పోయే దారి మాత్రం తెరిచే ఉంచాలి. ఈ రెండూ తారుమారైతే తాతల నాటి కారు ఇంకో రెండు వానాకాలాలు కూడా చూడదు.