జీతం

2013లో సర్కారు బడిలో టీచరుగా చేరి, మొదటి నెల జీతం అందుకున్నంక అమ్మమ్మను చూడ్డానికి పోయాను. జగిత్యాల దిక్కు ఊరు. మాదిగవాడ చివర రెండర్రల పెంకుటిల్లు. కొత్త చీర చేతిలో పెట్టి "జీతం వచ్చింది అమ్మమ్మా" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"జీతమా? ఎవలింట్ల బిడ్డా? ఎంత బాకికి?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్తాను. 1976 వెట్టిచాకిరి రద్దు చట్టంలో దేశంలోని వెట్టి పద్ధతుల పేర్లన్నీ వరుసగా రాసి ఉంటాయి. అందులో భాగేలా, జీత, పాలేరు, వెట్టి కూడా ఉన్నాయి. పరీక్ష కోసం బట్టీ పట్టినవాణ్ణే. నెలనెలా నేనందుకునేదానికీ, ఆ జాబితాలో ఉన్నదానికీ పేరొకటేనని అమ్మమ్మ అడిగిందాకా తట్టలేదు.

తాత దొర దగ్గర జీతగాడు. పెండ్లికి తెచ్చిన బాకి తీరకముందే పోయాడు. ఆయన జాగాలో పెద్దమామను పెట్టారు. పదేండ్ల పిల్లగాడు. పొద్దుగాల పెండ తీసుడు, పగలంతా పసులు కాసుడు, రాత్రి కొట్టంలనే పండుడు. వడ్లు వాళ్లే కొలిచేది, బాకి కింద వాళ్లే పట్టుకునేది. జరమొచ్చి పడుకున్న దినాలు 'నాగాలు' అని లెక్కగట్టి, ఏడాది నిండినంక ఆ దినాలన్నీ మళ్లీ చేయించుకున్నారు.

"అది ఏ సంవత్సరం?" అని అడిగాను. మాస్టరు బుద్ధి.

"నాకేమెరుక? మొగోళ్లను ఆపరేషన్లకు జీపులల్ల పట్టుకపోయిన యాడాది."

అంటే ఎమర్జెన్సీ. ఢిల్లీలో ఆ చట్టం చేసిన కాలం.

"మరి సట్టం రాలేదా మన ఊరికి?"

"సట్టం గాదు బిడ్డా. సంగం అచ్చింది."

1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతుకూలీ సంఘాలు వెట్టిని ఎదిరించాయి. జీతగాళ్లు పని బంద్ పెట్టారు. మామ పసులను దొడ్లోనే విడిచి ఇంటికొచ్చాడట. ఆ అక్టోబర్‌లోనే సర్కారు ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. చట్టానికి దొరకని మా ఊరి తొవ్వ పోలీసులకు దొరికింది. దొర మళ్లీ బాకి అడిగాడు, లేకుంటే పిల్లగాణ్ణి పంపమన్నాడు.

"పంపలె. నా కాళ్ల కడాలు అమ్మి కట్టిన. ఒకల బాకి ఉంచుకోలె" అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె నడుము నిటారుగా నిలబడింది.

1975 అక్టోబర్ 25 నుంచే వెట్టి బాకీలన్నీ రద్దు. వసూలు చేసుడే నేరం. మనసాగక ఆ సంగతి చెప్పాను. చాలాసేపు చీలమండలు ఒత్తుకుంటూ కూసుంది.

"గప్పుడు చెప్పెటోడు ఎవలున్నరు?"

మామ గొర్లను తోలుకొని వాకిట్లకు వచ్చిండు. అమ్మమ్మ గొంతు తగ్గించింది. "గా ముచ్చట వానికి చెప్పకు."

ఇన్నేండ్లూ చెప్పలేదు. మామకు చదువు రాదు. ఇది అచ్చయినంక నేనే చదివి వినిపించాలె.