కంటికి కనబడని జిగురు

పుస్తకములకు అట్టలు వేయుటకు మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండ చిటికెడు మైలుతుత్తము కలిపి జిగురు చేసికొనుట మన ఇండ్లలో పెద్దలకు తెలిసిన పనియే. తుమ్మబంకను నీట నానవేసి కాగితములు అతికించుటయు తెలిసినదే. ఆ జిగురు తెల్లగా ఉన్నను, పచ్చగా ఉన్నను, ఎండి పెళుసుబారినను మనకు పట్టింపు లేదు. అది కాగితము వెనుక దాగి యుండును. కాని రెండు గాజు బిళ్ళలను అతికించి, వాటి గుండ చూడవలసి వచ్చినప్పుడు చిక్కు మొదలగును.

అక్కడ జిగురు ఉన్నదను సంగతియే కంటికి తెలియరాదు. అది గాజువలె నిర్మలముగా ఉండవలెను; వెలుతురును గాజు ఎంత వంచునో ఇంచుమించు అంతే వంచవలెను; ఎండకు పచ్చబడరాదు, చలికి పగులరాదు, వేడికి జారిపోరాదు. ఇన్ని గుణములు ఒకే పదార్థమున దొరకుట అరుదు. అందుచేత గట్టి పదార్థమునకు ఒక ద్రవమును తోడుచేసి మెత్తబరచుట అవసరమగును. ఆ ద్రవమునే ప్లాస్టిసైజరు అందురు. అది ఏది కావలెనను ప్రశ్న చూచుటకు చిన్నది. దానికి సమాధానము వెదకుటకు సుమారు రెండు వందల సంవత్సరములు పట్టినది.

1758లో లండను నగరమున జాన్ డాలండ్ అను కటక నిర్మాత క్రౌన్, ఫ్లింట్ అను రెండు జాతుల గాజుతో చేసిన జంట కటకమునకు పేటెంటు హక్కు పొందెను. బొమ్మ అంచున ఇంద్రధనుస్సు రంగులు కనబడు దోషము దానితో చాలవరకు తొలగెను. అయితే ఆ రెండు కటకముల నడుమ గాలి ఉండిపోయినచో మరియొక దోషము మిగులును. గాలికిని గాజుకును నడుమనున్న ప్రతి సరిహద్దున వెలుతురులో నూటికి సుమారు నాలుగు పాళ్ళు వెనుకకు మరలును. జంట నడుమ అట్టి సరిహద్దులు రెండు. నష్టము అంతటితో ఆగిన చింత లేదు. మరలిన వెలుతురు దుర్భిణిలో తిరుగాడి బొమ్మపై మసకగా పరచుకొనును. ఆ సందును తగిన జిగురుతో నింపినచో ఒక్కొక్క సరిహద్దున మరలునది వెయ్యింట ఒక పాలు కూడ ఉండదు. క్రౌన్ గాజు వక్రీభవన గుణకము సుమారు 1.52, ఫ్లింటు గాజుది సుమారు 1.62. వీటికి దగ్గరగా ఉండు బంక కావలెను.

అట్టి బంక ఉత్తర అమెరికా అడవులలో దొరికెను. కెనడా తూర్పు భాగమున బాల్సమ్ ఫర్ అను చెట్టు పెరుగును. దాని బెరడుపై బొబ్బలవలె ఉబ్బిన చిన్న తిత్తులు ఉండును. వాటిని పొడిచిన తేనెవంటి చిక్కని రసము కారును. అదియే కెనడా బాల్సము. దాని గుణకము 1.53, 1.54 ప్రాంతమున నుండును. అంతకంటె ముఖ్యమైన సంగతి, అది ఎండునప్పుడు పటికబెల్లమువలె పలుకులు కట్టదు. గాజువలెనే నిర్మలముగా గట్టిపడును. 1828లో ఎడిన్‌బరో నగరవాసి విలియమ్ నికల్ ఐస్లాండు స్ఫటికమును కోసి, ముక్కలను ఈ బాల్సముతో తిరిగి అతికించి తన పేరు గల పట్టకమును నిర్మించెను. ఆ స్ఫటికమున ప్రవేశించిన వెలుతురు రెండు కిరణములుగా చీలును. ఒకదానికి గుణకము 1.658, రెండవదానికి 1.486. బాల్సము గుణకము ఆ రెంటి నడుమ నుండుటచే మొదటి కిరణము బంకపొరను తాకి ప్రక్కకు మరలిపోవును. రెండవది సూటిగా సాగును. జిగురు కేవలము అతికించుటయే గాక వెలుతురును వడపోసిన ఘట్టమిది.

నికల్ పట్టకమునకు మన దేశపు విజ్ఞాన చరిత్రతో సంబంధము కలదు. 1921లో చంద్రశేఖర వేంకట రామన్ ఇంగ్లండు నుండి నర్కుండా అను నౌకలో తిరిగి వచ్చుచు, ఈ పట్టకమును కంటికి అడ్డుపెట్టుకొని సముద్రమును చూచెను. నీటిపై ప్రతిఫలించు ఆకాశపు కాంతిని దానితో అణచివేసినను సముద్రపు నీలిమ తగ్గలేదు. నీరే వెలుతురును చెదరగొట్టుచున్నదని ఆయన వాదించెను. 1928 నాటి ఆవిష్కరణకు దారితీసిన ఆలోచనలకు అది నాంది.

ఇక బాల్సము లోపములకు వత్తము. చెట్టు నుండి వచ్చిన రసమున గట్టి గుగ్గిలమునకు తోడు, ఎగిరిపోవు తైలము కొంత ఉండును. ఆ తైలమే దానికి మెత్తదనమును ఇచ్చును. అనగా ప్లాస్టిసైజరును ప్రకృతియే కలిపి పెట్టినదన్న మాట. కటకములను అతికించు పనివాడు బాల్సమును వేడిచేసి, ఆ తైలమును కావలసినంత వరకే పోగొట్టవలెను. ఎక్కువ పోయినచో జిగురు పెళుసుబారి, చలిలో పగిలి, కటకముల నడుమ నెమలికన్నువంటి రంగులు పుట్టించును. తక్కువ పోయినచో వేసవిలో మెత్తబడి కటకములు ప్రక్కకు జారును. పాకము పట్టు ఇల్లాలికి ముదురు లేత తెలిసినట్లే వానికిని తెలియవలెను. ఈ కథకు కీలకము ఇచ్చటనే ఉన్నదని నా అభిప్రాయము. ఎగిరిపోవు ద్రవము పని సులభము చేయును గాని నిలువదు. నిలిచి యుండు ద్రవము మెత్తదనమును ఇచ్చును గాని తన గుణములన్నిటిని జిగురునకు అంటగట్టును. తరువాతి వారందరు ఈ రెంటి నడుమనే నలిగిరి.

ఇంగ్లండులో అలెగ్జాండర్ పార్క్స్ 1862లో ప్రదర్శించిన పార్కెసీను అను పదార్థమున నైట్రోసెల్యులోజునకు నూనెలు, కర్పూరము కలుపుచుండిరి. మన ఆముదము కూడ ఆ నూనెలలో నొకటి. అయితే ఎగిరిపోవు చౌక ద్రవములు అందు మిగిలిపోవుటచే చేసిన వస్తువులు కాలక్రమమున వంకరలు పోయెను. కంపెనీ 1868లో మూతపడెను. అమెరికాలో జాన్ వెస్లీ హయట్ 1870లో కర్పూరమునే ప్రధానముగా గ్రహించి సెల్యులాయిడును సాధించెను. హారతి పళ్ళెములో వెలుగు కర్పూరము సినిమా ఫిల్ముకు మెత్తదనము నిచ్చినదన్న ఆశ్చర్యము కలుగక మానదు. కాని డబ్బా మూత తెరచి ఉంచిన కర్పూరము ఏమగునో మన ఇల్లాండ్రకు చెప్పనక్కరలేదు. ఫిల్ము నుండియు అది ఏండ్ల తరబడి మెల్లమెల్లగా హరించిపోవును. ఫిల్ము కుదించుకొని పెళుసగును.

1926లో ఒహాయో రాష్ట్రమున ఆక్రన్ నగరములోని గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సీమన్ అను రసాయనవేత్త వెదకినది నిజమునకు జిగురు. రబ్బరును లోహమునకు అతికించు జిగురు. పాలీవినైల్ క్లోరైడును అధిక ఉష్ణోగ్రత వద్ద గాని మరుగని ద్రావణులలో వేసి కాచెను. చల్లారిన తరువాత పాత్రలో జిగురు లేదు. సాగి మరల ముడుచుకొను రబ్బరువంటి ముద్ద ఉన్నది. ట్రైక్రెసిల్ ఫాస్ఫేటు, డైబ్యూటైల్ థాలేటు మొదలైనవి ఆయన ప్రయోగించిన ద్రావణులు. అవి సామాన్య ద్రావణులవలె కరగించి ఎగిరిపోవక, అణుమాలికల నడుమ దూరి అక్కడే కాపురము పెట్టినవి. జిగురు వెదకబోయి ప్లాస్టికునకు ప్రాణము పోసిన సంఘటన ఇది.

ఈ రెండు పేర్లే మరల సూక్ష్మదర్శిని బల్లపైకి వచ్చినవి. రోగనిర్ణయము చేయు వైద్యులు శరీరపు కండను పలుచగా కోసి, రంగులద్ది, బాల్సము క్రింద భద్రపరచుచుండిరి. బాల్సములో ఆమ్లగుణము కలదు. రంగులు క్రమముగా వెలిసిపోవును. రంగు పోయిన ముక్కను మరియొక వైద్యుడు పది సంవత్సరముల తరువాత చూచి ఏమి చెప్పగలడు? 1939లో బ్రిటనులో కిర్క్‌పాట్రిక్, లెండ్రమ్ అను ఇద్దరు పరిశోధకులు బాల్సమునకు బదులు డిస్ట్రీన్ అను పాలీస్టైరీనును జైలీనులో కరగించి వాడిరి. కేవలము ఆ రెంటితో పని జరుగదు. జైలీను ఎగిరిపోగానే పాలీస్టైరీను కుదించుకొని, పలుచని కప్పుగాజు అంచుల నుండి లోపలికి లాగుకొనును, గాలిబుడగలు చొచ్చును. అందుకై వారు ట్రైక్రెసిల్ ఫాస్ఫేటును ప్లాస్టిసైజరుగా కలిపిరి. 1941లో తమ ఎంపికను తామే సవరించుకొని, అంతకంటె మేలైనదని డైబ్యూటైల్ థాలేటును సూచించిరి. తమ మొదటి మాటను రెండేండ్లలో తామే దిద్దుకొను నిజాయితీ నాకు ఎంతయో నచ్చినది.

ఆ మిశ్రమమే కళాశాల ప్రయోగశాలలలో డి.పి.ఎక్స్. అను పొడి పేరుతో నిలిచినది: డిస్ట్రీను, ప్లాస్టిసైజరు, జైలీను. ప్రసిద్ధమైన పాళ్ళు ఇవి: డిస్ట్రీను 10 గ్రాములు, డైబ్యూటైల్ థాలేటు 5 మిల్లీలీటర్లు, జైలీను 35 మిల్లీలీటర్లు. ఇందులో ఒక లెక్క దాగి యున్నది. పాలీస్టైరీను గుణకము 1.59, అది గాజు కంటె ఎక్కువ. డైబ్యూటైల్ థాలేటుది 1.49, అది తక్కువ. రెండును కలిసినప్పుడు గాజు గుణకమునకు చేరువగును. చదువుకొను రోజులలో పొద్దుతిరుగుడు కాండమును కోసి, రంగులద్ది, తొందరలో చివరి ఆల్కహాలు స్నానము మానివేసి ఈ జిగురు వేసితిని. మిగిలిన తడి జైలీనుతో కలియక, గాజుపలక మజ్జిగవలె తెల్లబడెను. కలియని రెండు ద్రవముల నడుమ వెలుతురు ఎట్లు చెదరునో పాఠ్యపుస్తకము కంటె ఆ పలకయే నాకు బాగుగా నేర్పినది.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున దుర్భిణులు ఎడారులకును మంచుదేశములకును పోవలసి వచ్చుటచే బాల్సమునకు బదులు మెథాక్రిలేటులు, సెల్యులోజు కాప్రేటు వంటి కృత్రిమ పదార్థములు వచ్చినవి. అసలు మార్పు వెలుతురుతో గట్టిపడు జిగుర్ల వలన కలిగినది. ఆ ఊహ క్రొత్తది కాదు. 1826, 1827 ప్రాంతమున ఫ్రాన్సులో నియెప్స్ లావెండరు తైలమున కరగించిన శిలాజతువంటి తారును లోహపు పలకపై పూసి, కెమెరాలో ఎండ సోకనిచ్చెను. వెలుతురు తగిలిన చోట తారు గట్టిపడెను. తగులని చోట తైలముతో కడిగిన పోయెను. నేటికిని నిలిచిన తొలి ఛాయాచిత్రము అట్లు పుట్టినది.

నేటి జిగురులో అక్రిలేటు వంటి ద్రవములతో పాటు, అతినీలలోహిత కిరణములు సోకగానే చీలి ప్రతిక్రియను ప్రారంభించు పదార్థము కొంచెము ఉండును. దీపము వేసిన కొద్ది క్షణములలో అణువులన్నియు వలవలె పెనవేసికొనును. ఇక్కడ ఎగిరిపోవు ద్రావణికి తావు లేదు. రెండు గాజుల నడుమ నుండి అది పోవుటకు దారి యేది? ప్లాస్టిసైజరును ఎన్నుకొనువాడు మరికొన్ని పరీక్షలు పెట్టవలెను. దీపపు కిరణములను అదియే మ్రింగివేయరాదు. వల కట్టక ముందు కలిసియున్నదే, కట్టిన పిమ్మట విడిపోయి సూక్ష్మబిందువులైనచో జిగురు మసకబారును. అది వల నుండి మెల్లగా కారి అంచులకు చేరరాదు. అయితే దానివలన ఒక మేలు కలదు: అక్రిలేటులు గట్టిపడునప్పుడు కుదించుకొని గాజును లాగును; ప్రతిక్రియలో పాల్గొనని ద్రవము ఆ లాగుడును తగ్గించును.

అందువలన పలువురు వేరొక ఉపాయము పట్టిరి. పలుచన చేయు ద్రవమే చివరకు వలలో ఒక ముడిగా కలిసిపోవలెను. ఐసోబోర్నైల్ అక్రిలేటు అట్టిది. దీనిని కాంఫీను నుండి చేయుదురు. కాంఫీను దేవదారు జాతి చెట్ల టర్పెంటైను నుండి వచ్చును. కృత్రిమ కర్పూరమునకు మూలమైనదియు అదియే. మనము చేత పట్టుకొని తిరుగు ఫోను అద్దమునకును దాని క్రింది తెరకును నడుమ గల జిగురు పొరలలో ఈ వంశపు అక్రిలేటులకు స్థానము కలదు.

డైబ్యూటైల్ థాలేటు కీర్తి మాత్రము తగ్గినది. సంతానోత్పత్తికి అది హానికరమని తేలుటచే ఐరోపా సమాజము 2005లో, అమెరికా 2008లో పిల్లల ఆటవస్తువులలో అది నూటికి 0.1 పాలు మించరాదని శాసించినవి. జైలీను ఆవిరియు పీల్చదగినది కాదు.

పాత వస్తువులను బాగుచేయువారు మాత్రము ఇప్పటికిని బాల్సమును విడువలేదు. దానితో అతికిన కటకములు పాడైనప్పుడు మెల్లగా వేడిచేసి విడదీయవచ్చును. గాజుపలకను జైలీనులో నానవేసి లోపలి ముక్కను బయటికి తీయవచ్చును. వెలుతురుతో వల కట్టిన జిగురు జైలీనులో ఉబ్బును గాని కరగదు.