యాభై దాటాక నడక, పరుగు: మళ్లీ నేల మీద కూర్చుని లేవడమే మొదటి గెలుపు

జుమా రోజు నల్లగొండలో గానీ, మహబూబ్‌నగర్‌లో గానీ మసీదుకు వెళ్తే సఫ్‌ల చివర వేసిన కుర్చీలు కనిపిస్తాయి. వాటిలో కూర్చునేవాళ్లంతా ఎనభై ఏళ్లవాళ్లేం కాదు. యాభై అయిదుకే మోకాళ్లు పట్టేసినవాళ్లు, నడుం వంగనివాళ్లు, బరువు పెరిగి సజ్దా నుంచి లేవలేనివాళ్లు కూడా ఉంటారు. వంగలేనివారికి కుర్చీలో నమాజు చదివే వెసులుబాటు ఉంది, అందులో తప్పేం లేదు. కానీ ఆ కుర్చీని చాలామంది మరికొన్నేళ్లు వెనక్కి నెట్టవచ్చు. అందుకు ఖరీదైన జిమ్ అక్కర్లేదు. ఫజర్ తర్వాత అరగంట, కాళ్లకు మంచి బూట్లు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఈ రెండు జిల్లాల ఎండలు, నీళ్లు, తిండిని దృష్టిలో పెట్టుకుని యాభై, అరవై దాటినవారు నడక, పరుగు ఎలా మొదలుపెట్టాలో చూద్దాం.

ఇప్పుడు మొదలుపెడితే లాభముందా?

ఈ ప్రశ్నకు అందరికీ తెలిసిన జవాబు ఫౌజా సింగ్. పంజాబ్‌లోని జలంధర్ దగ్గర బియాస్ పిండ్ ఆయన ఊరు. 1994లో కళ్ల ముందే కొడుకు చనిపోయాడు. ఆ దుఃఖంతో లండన్‌లో ఉన్న మరో కొడుకు దగ్గరికి చేరి, మనసు కుదుటపడటానికి పరుగు పట్టుకున్నారు. 2000లో 89 ఏళ్ల వయసులో లండన్ మారథాన్ పూర్తిచేశారు. 2011లో టొరంటోలో నూరేళ్ల వయసులో 42 కిలోమీటర్లు 8 గంటల 11 నిమిషాల్లో దాటారు. పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదని గిన్నిస్ వాళ్లు రికార్డు ఇవ్వలేదు. అయినా ఆయన పరుగు ఆపలేదు.

మన తెలుగువారిలో విశాఖపట్నానికి చెందిన విశ్రాంత నౌకాదళ అధికారి వల్లభజోస్యుల శ్రీరాములు తొంభై దాటాక కూడా మాస్టర్స్ అథ్లెటిక్స్ పోటీల్లో పాల్గొన్నారు.

వీళ్లు అరుదైనవాళ్లే. మామూలు మనుషుల సంగతేంటి? అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 1984లో యాభై దాటిన 538 మంది రన్నర్లను, పరుగెత్తని 423 మందిని గమనించడం మొదలుపెట్టారు. 19 ఏళ్ల తర్వాత చూస్తే రన్నర్లలో 15 శాతం, మిగతావారిలో 34 శాతం మంది చనిపోయారు. రన్నర్లు మొదటి నుంచీ కాస్త ఆరోగ్యవంతులే అన్న సంగతి మరవొద్దు. కానీ సొంత పనులు చేసుకోలేని స్థితి కూడా వాళ్లకు చాలా ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయన్న భయానికి ఆ పరిశీలనలో ఆధారం దొరకలేదు.

బోస్టన్‌లో 1990లో వృద్ధాశ్రమంలోని పదిమందికి ఎనిమిది వారాలు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయించారు. వాళ్ల సగటు వయసు తొంభై. పూర్తిచేసిన తొమ్మిది మందికి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే కండరానికి వయసు తెలియదు, పని చెప్తే చేస్తుంది.

ఇంట్లోనే చేసుకునే రెండు పరీక్షలు

మొదటిది నేల మీద నుంచి లేవడం. బ్రెజిల్‌లో 51 నుంచి 80 ఏళ్ల వయసున్న 2,002 మందిని నేల మీద కూర్చుని లేవమన్నారు. చెయ్యి, మోకాలు ఎన్నిసార్లు ఆనించారో చూసి పదికి మార్కులు వేశారు. 2012లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం 3 లోపు మార్కులు వచ్చినవారికి తర్వాతి ఏళ్లలో చనిపోయే ముప్పు 8 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినవారికన్నా అయిదారు రెట్లు ఎక్కువ. రోజుకు అయిదుపూటలా నేల మీద కూర్చుని లేచే అలవాటు ఉన్న ఇళ్లకు ఈ బలం విలువ చెప్పాల్సిన పనిలేదు.

రెండోది కుర్చీ పరీక్ష. చేతులు ఛాతీ మీద పెట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు కూర్చుని లేవగలరో లెక్కపెట్టండి. 60-64 ఏళ్ల మగవారు 14 కంటే, ఆడవారు 12 కంటే తక్కువ చేస్తే కాళ్ల బలం తగ్గినట్టు లెక్క. ఇవాళ్టి అంకె కాగితం మీద రాసి పెట్టుకోండి. మూడు నెలల తర్వాత మళ్లీ చూసుకోవచ్చు.

ముందు డాక్టర్ దగ్గరికి

2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగర్, 35.5 శాతం మందికి బీపీ ఉన్నాయి. తమకు ఉందని తెలియనివారు కూడా వాళ్లలో ఉన్నారు. అందుకే మొదలుపెట్టే ముందు బీపీ, షుగర్ చూపించుకోవాలి. ముప్పై దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ రెండు పరీక్షలు ఉచితం. గుండె జబ్బు ఉన్నవారు, ఛాతీలో నొప్పి వచ్చినవారు, స్టెంట్ పడినవారు డాక్టర్ సరేనన్నాకే పరుగు గురించి ఆలోచించాలి.

షుగర్ ఉన్నవారు రోజూ అరికాళ్లు చూసుకోవాలి. తిమ్మిరి ఉంటే చిన్న బొబ్బ కూడా తెలియకుండానే పుండు అవుతుంది. వట్టి కాళ్లతో, చెప్పులతో పరుగెత్తొద్దు.

ఇక్కడి నీళ్ల సంగతి

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లు తాగి పెరిగినవారు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ ప్రాంతపు బోర్లలో దశాబ్దాలపాటు అంతకు మించి ఉండేది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసేసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు పడింది. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాక పరిస్థితి మారింది. కానీ చిన్నప్పుడు ఎముకల్లో చేరింది అంత తొందరగా పోదు.

మోకాళ్లు వంచకుండా వేళ్లతో పాదాలు అందుకోవడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, రెండు చేతులు తల వెనక్కి పెట్టడం. ఈ మూడింటిలో ఏదైనా గట్టిగా పట్టేస్తే ఫ్లోరోసిస్ అనుమానంతో డాక్టర్‌ను కలవాలి. ఇది సూచన మాత్రమే, రోగ నిర్ధారణ కాదు. ఫ్లోరోసిస్ ఉందని తేలినవారికి పరుగు వద్దు. చదునైన నేల మీద నడక, కుర్చీ వ్యాయామాలు చాలు. తేయాకులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి రోజుకు ఆరేడు కప్పుల చాయ్ అలవాటు తగ్గించుకోవడం మంచిది.

పన్నెండు వారాల పద్ధతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ఇది: పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, లేదా 75 నిమిషాల పరుగులాంటి గట్టి శ్రమ. దాంతోపాటు రెండు రోజులు కండరాల వ్యాయామం. అరవై అయిదు దాటినవారు వారానికి మూడు రోజులు తూలిపడకుండా నిలబడే సాధన కూడా చేయాలి. ఒక్కసారిగా అక్కడికి చేరాల్సిన పనిలేదు.

- 1 నుంచి 3 వారాలు: వారానికి అయిదు రోజులు, 15 నుంచి 20 నిమిషాల మామూలు నడక.
- 4 నుంచి 6 వారాలు: 30 నిమిషాల వేగం నడక. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత వేగం ఉండాలి.
- 7 నుంచి 9 వారాలు: ఒక నిమిషం మెల్లగా పరుగు, మూడు నిమిషాల నడక. ఇలా అయిదారు సార్లు, రోజు విడిచి రోజు.
- 10 నుంచి 12 వారాలు: రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక.

పరుగు లేని రోజుల్లో కుర్చీలో నుంచి పదిసార్లు లేవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, మునివేళ్ల మీద లేవడం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం చేయాలి. ఏ దశ కష్టమనిపిస్తే అక్కడే ఇంకో రెండు వారాలు ఆగండి. ఎవరితోనూ పోటీ లేదు. జీవితాంతం నడకతోనే ఆగిపోయినా నష్టం లేదు.

ఎక్కడ, ఎప్పుడు?

నల్లగొండలో మేకల అభినవ్ స్టేడియం, ఎన్జీ కాలేజీ గ్రౌండ్, పానగల్ ఉదయ సముద్రం కట్ట ఉన్నాయి. కాళ్లలో బలం వచ్చాక లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు మెల్లగా ఎక్కవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవారు మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త. మహబూబ్‌నగర్‌లో స్టేడియం, పెద్ద చెరువు దగ్గరి మినీ ట్యాంక్‌బండ్, అప్పన్నపల్లి వైపు మయూరి పార్క్ ఉన్నాయి. మట్టి నేల సిమెంట్ రోడ్డు కంటే కాళ్లకు మెత్తగా ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దు పొడిచిన గంటకే ఎండ ముదురుతుంది. ఫజర్ అయిన వెంటనే బయలుదేరి, ఎండ రాకముందే ఇంటికి చేరాలి. చీకట్లో లేత రంగు బట్టలు వేసుకుని, రోడ్డుకు కుడివైపున, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా నడవాలి. ఫౌజా సింగ్ 2025 జులైలో సొంత ఊళ్లో రోడ్డు దాటుతుండగానే కారు ఢీకొని చనిపోయారు. వీధి కుక్కల భయం ఉన్నచోట ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడం, చేతిలో కర్ర ఉంచుకోవడం మేలు.

అమ్మీలు, దాదీల సంగతి

ఇంట్లో అందరికంటే ముందు లేచి, అందరికంటే ఆఖరున తినే ఆడవాళ్లకు నడక వంతు చివర్లోనే వస్తుంది. నెలసరి ఆగిపోయాక ఎముకలు వేగంగా పలచబడతాయి. కాళ్ల మీద బరువు పడే నడక వాళ్లకు మగవారికంటే ఎక్కువ అవసరం. గల్లీలోని నలుగురు కలిసి వెళ్లినా సరే, ఇంటి డాబా మీద నడిచినా సరే. వదులైన కాటన్ బట్టలు, కాళ్లకు తట్టుకోని బుర్ఖా, జారిపోని స్కార్ఫ్, బూట్లు ఉండాలి. ప్రవక్త ముహమ్మద్ (స) హజ్రత్ ఆయిషా (రజి)తో రెండుసార్లు పరుగు పందెం పెట్టుకున్నారని, మొదటిసారి ఆమె, తర్వాతెప్పుడో ఆయన గెలిచారని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఇంటివాళ్లతో కలిసి పరుగెత్తడం కొత్త ఫ్యాషనేం కాదు.

పళ్లెంలో ఏముండాలి?

పాలమూరు జొన్నరొట్టె, రాగి అంబలి, సజ్జలు ఇక్కడి పాత తిండే. ఎండలో మట్టి పని చేసిన తరాలు వీటి మీదే బతికాయి. ఇప్పుడు ఒంటికి ఆ పని లేదు, కంచంలో మాత్రం తెల్లన్నం కుప్ప ఉంది. సగం కంచం కూరలు, పావు భాగం పప్పు గానీ గుడ్డు, చేప, చికెన్ గానీ, మిగతా పావు అన్నమో రొట్టెనో ఉంటే బాగుంటుంది. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచన. పచ్చళ్లు, అప్పడాలు, బేకరీ బిస్కెట్లలోని ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. దావత్‌లో బిర్యానీ తినొద్దని ఎవరూ అనరు, రెండోసారి వడ్డించుకోకుంటే చాలు.

రంజాన్‌లో

ఉపవాసంలో కొత్తగా పరుగు మొదలుపెట్టొద్దు. అలవాటున్నవారు ఇఫ్తార్‌కు కాస్త ముందు మెల్లగా నడవచ్చు, లేదా ఇఫ్తార్ అయ్యాక గంటన్నర ఆగి నడవచ్చు. తరావీ నమాజు కూడా ఒంటికి శ్రమే. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవారు రంజాన్‌కు ముందే డాక్టర్‌తో మాట్లాడి మందుల వేళలు, మోతాదు మార్పించుకోవాలి. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే ఉపవాసం విరమించి చక్కెర తీసుకోవాలి.

వెంటనే ఆపాల్సినప్పుడు

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, విపరీతమైన ఆయాసం, కళ్లు చీకట్లు కమ్మడం. వీటిలో ఏది వచ్చినా అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయించాలి. గ్యాస్ అనుకుని ఇంటికి నడవొద్దు. మోకాలు వాచినా, నొప్పి మర్నాటికీ తగ్గకపోయినా రెండు మూడు రోజులు విశ్రాంతి ఇవ్వాలి.

నిద్ర, తోడు, సంతోషం

పిల్లలు గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటే, ఈ జిల్లాల్లో ఎంతోమంది పెద్దవాళ్లకు పొద్దున్నే పలకరించే మనిషి ఉండరు. నడక మొదలుపెట్టినవారికి కొన్ని వారాల్లో నిద్ర కుదురుతుంది. గ్రౌండ్‌లో రోజూ కనిపించే నాలుగు ముఖాలు దోస్తులవుతాయి. ఒకరోజు రాకపోతే ‘చాచా, నిన్న రాలేదేం?’ అని అడిగేవాళ్లు ఉంటారు. ఫౌజా సింగ్‌కు పరుగు ఇచ్చింది కూడా ముందు ఈ ఊరటే, మెడళ్లు తర్వాత వచ్చాయి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే కొడుకులు, కూతుళ్లు చేయాల్సింది ఒకటే. ‘అబ్బా, వాకింగ్‌కు పోండి’ అని ఫోన్లో చెప్పడం కాదు. ఒక జత బూట్లు కొనిచ్చి, మొదటి వారం పక్కన నడవాలి. రేపు ఫజర్ తర్వాత పది నిమిషాలతో మొదలుపెట్టవచ్చు.