ఫిజీ చెరకు సీమలో ఉత్తర ఆర్కాటు కూలీలు

పసిఫిక్ మహాసముద్రంలో మూడు వందలకు పైగా దీవులున్న చిన్న దేశం ఫిజీ. 1874లో అది బ్రిటిష్ పాలన కిందికి వచ్చింది. గవర్నరు ఆర్థర్ గోర్డన్ స్థానికుల భూములు పరాయి చేతుల్లోకి పోకుండా, వాళ్లు తోటల్లో కూలికి పోకుండా కట్టడి చేశాడు. వాళ్లకది మేలే అయింది. చెరకు తోటల బరువు మాత్రం భారతీయుల మీద పడింది. 1879లో కలకత్తా నుంచి కూలీలతో లియోనిడాస్ ఓడ ఫిజీ చేరింది. 1903లో ఎల్బ్ ఓడతో మద్రాసు నుంచీ కూలీల ఎగుమతి మొదలైంది. 1916 దాకా వెళ్లిన సుమారు 60 వేల మందిలో 15 వేల మంది మద్రాసు రేవులో ఓడెక్కినవారే.

వారిలో ఉత్తర ఆర్కాటు జిల్లావాళ్లు ఎక్కువ. కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాలవాళ్లూ ఉన్నారు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడేదాకా నగరి పట్టణం కూడా ఉత్తర ఆర్కాటులోనే ఉండేది. వాన తప్పితే చెరువెండే మెట్టసీమ అది; నగరి దగ్గరి ఏకాంబరకుప్పం స్టేషన్లో రైలెక్కితే అరక్కోణం మీదుగా మద్రాసు చేరొచ్చు. మగవాళ్లకు రోజుకు 12 అణాలు, ఆడవాళ్లకు 9 అణాలు ఇస్తామని ఏజెంట్లు చెప్పేవారు. ఒప్పందం ఐదేళ్లు. మద్రాసు డిపోలో ఒక్కొక్కరికీ పాసు రాసేవారు: పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఎత్తు, ఒంటిమీది మచ్చలు. ఎన్నో కుటుంబాలకు పూర్వీకుల ఊరి పేరు మిగిలింది ఆ కాగితంలోనే.

అక్కడ బతుకు 'లైన్ల'లో. పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గదిలో ముగ్గురు ఒంటరి మగవాళ్లో, పిల్లలతో ఒక జంటో ఉండాలి. రోజుకింత పని చేయాలని సర్దారు అనే మేస్త్రీ కొలిచిచ్చేవాడు. అది పూర్తికాకపోతే చెప్పిన 12 అణాలు చేతికి రావు. అలా కోతపడిన కూలి మీదే కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ లాభాలు పెరిగాయి. లౌటోకా, బా, లబాసా, నౌసోరి మిల్లులు, వాటికి చెరకు చేరవేసే రెండడుగుల వెడల్పు రైలు పట్టాలు ఈ చెమటతోనే నిలిచాయి. కూలీల స్థితిని పరిశీలించిన ఆండ్రూస్, పియర్సన్‌లు 1916లో ఇచ్చిన నివేదిక ఈ దుస్థితిని బయటపెట్టింది. 1920 జనవరి 1న ఒప్పందాలన్నీ రద్దయ్యాయి.

తరవాత కంపెనీ తన తోటలను పదేసి ఎకరాలుగా విడగొట్టి కౌలుకిచ్చింది. తెలుగువాళ్లు, తమిళులు కలిసి 1926లో సాధు కుప్పుస్వామి చొరవతో సంగం పెట్టుకుని బడులు కట్టారు. 1941లో తెలుగువాళ్లకు ఆంధ్ర సంగం వేరుగా ఏర్పడింది. ఇళ్లలో మాట ఫిజీ హిందీకి మారినా, మొక్కులు మారలేదు. చిత్తూరు పల్లెల్లో భారతం ఉత్సవాల్లో తొక్కే అగ్నిగుండం ఫిజీ రాజధాని సువాలోనూ ఏటా వెలుగుతుంది: పసుపు బట్టలతో, ఉపవాసం ఉన్న భక్తులు నిప్పుల మీద నడుస్తారు.

భూమి మాత్రం వాళ్లది కాలేదు. దేశంలో అధిక భాగం స్థానిక తెగల ఉమ్మడి ఆస్తి, భారతీయులది కౌలే. 1976 చట్టం కింది కౌలు గడువులు 1997 నుంచి తీరడం మొదలై, వేల కుటుంబాలు పొలాలు వదిలాయి. అంతకుముందే 1987 సైనిక తిరుగుబాటు తరవాత చాలామంది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా వెళ్లిపోయారు. నేడు దేశానికి ఎక్కువ రాబడి తెచ్చేది పర్యాటకం, చక్కెర వెనకబడింది.