బ్యూరెట్ మళ్లీ పరీక్షలోకి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లలకు చాలాకాలం డాక్టరు చదువంటే వరంగల్లే. కాకతీయ మెడికల్ కాలేజీ 1959 నుంచి అక్కడుంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఈ మూడు ఊళ్లూ వరంగల్ జిల్లాలోవే. ఇప్పుడు మూడుచోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, మిగతా రెండుచోట్ల 2023లో మొదలయ్యాయి. కాలేజీ ఇంటిదగ్గరికి రావడం ఒక కథ, ప్రవేశపరీక్షలోంచి ల్యాబు దూరమై మళ్లీ రావడం ఇంకో కథ. 1980ల నుంచి నడిచిన ఎంసెట్ కాలంలో సాల్ట్ అనాలిసిస్, టైట్రేషన్, బాటనీ సెక్షన్లు ఇంటర్ రెండో ఏడాది ప్రాక్టికల్స్ కోసం, బిట్లు ర్యాంకు కోసం. రికార్డు మీద లెక్చరర్ సంతకం పడితే ల్యాబుతో రుణం తీరినట్టే. పరికరాల్లేకే ఇలా జరిగిందంటారు. అది సగం నిజం. కొనే స్తోమత ఉన్న కార్పొరేట్ కాలేజీల్లోనూ ప్రాక్టికల్స్ తరచూ పరీక్షల ముందు హడావుడిగానే ముగిసేవి. ర్యాంకు తేల్చే పరీక్ష అడగనిదానికి ఎవరూ గంటలు కేటాయించరు మరి!

2017 నుంచి తెలంగాణలో ఎంబీబీఎస్ సీటుకు నీట్ తప్పనిసరైంది. 2024 సిలబస్‌లో ఫిజిక్స్‌కూ కెమిస్ట్రీకీ ప్రయోగాల మీద విడి యూనిట్లు చేరాయి. వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజ్, మీటర్ బ్రిడ్జ్, రెజొనెన్స్ ట్యూబ్ ఒకవైపు. సాల్ట్ అనాలిసిస్, పర్మాంగనేట్ టైట్రేషన్లు, అసిటనిలైడ్ తయారీ ఇంకోవైపు. నాలుగు ఆప్షన్లలో ఒకటి దిద్దడానికి బ్యూరెట్ పట్టుకోవాలా, గైడు చదివితే చాలదా అని అడగొచ్చు. కొన్నిటికి చాలు. కానీ ఆక్జాలిక్ ఆమ్లాన్ని వేడిచేసి టైట్రేట్ చేస్తాం, చల్లగా ఉంటే చర్య మందకొడిగా సాగుతుంది గనక. మోర్స్ సాల్ట్‌ను వేడిచేయం, అందులోని ఫెర్రస్ ఇనుము గాలి తగిలి ఆక్సీకరణం చెందుతుంది గనక. పర్మాంగనేట్ ముదురు రంగులో కింది అంచు కనబడదు, అందుకే బ్యూరెట్‌లో పై అంచు రీడింగే తీసుకుంటాం. ఇవన్నీ బట్టీపట్టినవాడికి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. లేత గులాబీ రంగు నిలిచేదాకా చుక్కచుక్క వదిలినవాడికి కలవవు. తప్పు దిద్దితే ఒక మార్కు పోయే పరీక్షలో ఇది చిన్న తేడా కాదు.

పల్లె కాలేజీల పిల్లలకు ఇది అన్యాయం కాదా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. అయితే కొత్త యూనిట్లలో చాలా భాగం ఇంటర్ ల్యాబు పాత సరుకే. బోర్డు ప్రాక్టికల్స్‌కు ఎలాగూ బయటికి తీయాల్సిన సామానే. కనుక ముందు చేతితో నేర్వాల్సినవి టైట్రేషన్, అయాన్ల పరీక్షలు, వెర్నియర్, స్క్రూగేజ్‌లలో జీరో ఎర్రర్ సవరణ. పీసీఆర్, జెల్ ఎలక్ట్రోఫోరెసిస్, ఎలీసా మాత్రం ఇంటర్ ల్యాబులో దొరికేవి కావు. వాటిని ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ పుస్తకంలోని బొమ్మలు గీసుకుంటూ, ఏ దశ తర్వాత ఏది, ఎందుకు అన్నది పట్టుకుంటూ చదవాలి.