హెడ్‌ఫోన్‌కు విడి ఆంప్లిఫయర్, డీఏసీ కొనే ముందు

కేజీఎఫ్ మైనింగ్ లైన్లలో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. రాత్రి తొమ్మిది దాటాక మనం ఘంటసాల పాట పెడితే పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లలకూ వినక తప్పదు. అందుకే మన పెద్దల్లో చాలామంది హెడ్‌ఫోన్‌కు మారారు. తమకలోనూ, కోలారు పట్టణంలోనూ ఇంతే. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లలు "నాయనా, దీనికొక డీఏసీ, ఆంప్లిఫయర్ తగిలిస్తే ఇంకా బాగుంటుంది" అంటున్నారు. కొనాలా వద్దా అని సంఘానికి వచ్చినవారు నన్ను అడుగుతున్నారు. తెలిసినంత రాస్తున్నాను.

ఫోనులో పాట అంకెలుగా ఉంటుంది. సీడీలో అయితే సెకనుకు 44,100 కొలతలు. ఆ అంకెలను కరెంటు తరంగంగా మార్చేది డీఏసీ. ఆ తరంగానికి హెడ్‌ఫోన్‌ను కదిలించే బలం ఇచ్చేది ఆంప్లిఫయర్. జాక్ ఉన్న ఫోనులో, ల్యాప్‌టాప్‌లో రెండూ ముందే ఉన్నాయి. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కైతే అవి దాని లోపలే ఉంటాయి. వైరు లేకుండా వినేవారికి బయటి పెట్టెతో పని లేదు.

వైరు హెడ్‌ఫోన్ అయితే అట్ట మీద ఓమ్‌లు చూడండి. 16, 32 ఓమ్‌ల మామూలు రకానికి ఫోను చాలు. జాక్ లేని ఫోనుకు వేలెడంత యూఎస్‌బీ-సీ అడాప్టరు సరిపోతుంది. అది కూడా ఒక చిన్న డీఏసీయే. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటిది 300 ఓమ్‌లు. దానికి ఫోను చాలకపోవచ్చు, విడి ఆంప్లిఫయర్ తీసుకోవడంలో అర్థముంది. ఆంప్లిఫయర్ సొంత ఓమ్‌లు హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు మించకూడదు. అంటే 32కు 4 లోపు.

డబ్బు పరిమితంగా ఉంటే ముందు మంచి హెడ్‌ఫోన్‌కే పెట్టండి. వినికిడిలో తేడా అక్కడే ఎక్కువ తెలుస్తుంది. 1957 నాటి మాయాబజార్ పాటల్లాంటి పాత రికార్డింగులకు ఎంత ఖరీదైన డీఏసీ పెట్టినా అందులో లేనిది పుట్టుకురాదు.

మన ఇళ్ళలో క్యాసెట్లు ఇంకా పెట్టెల నిండా ఉన్నాయి కదా. టేపు డెక్‌కు డీఏసీ అక్కర్లేదు, ఆంప్లిఫయర్ ఒక్కటే చాలు. కానీ దానికి వెనక ఎర్ర, తెల్ల పిన్నుల ఆర్‌సీఏ ఇన్‌పుట్ ఉండాలి. యూఎస్‌బీ మాత్రమే ఉన్నది కొని తెచ్చుకుంటే డెక్ పక్కన ఊరికే కూర్చుంటుంది. క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి కావలసింది దీనికి తిరగేసిన పరికరం, ఏడీసీ.

ల్యాప్‌టాప్‌కు తగిలించాక గుయ్యిమని మోత వస్తే ఛార్జర్ తీసి చూడండి. మోత ఆగితే తప్పు కొత్త పెట్టెది కాకపోవచ్చు, ఛార్జరుదో ఎర్తింగుదో. ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి.

ఇక నా సంగతి. రిటైరయ్యాక నేనూ ఒకటి కొన్నాను. నెలనెలా వాల్యూం తిప్పుతూనే పోయాను, అయినా పాటలో స, శ అక్షరాలు మసకగానే ఉన్నాయి. పెట్టె మార్చాలనుకుంటుంటే, "మీ చెవిలో పాట నాకు వంటింట్లోకి వినిపిస్తోంది" అంది మా ఇంటావిడ. పరీక్ష చేయిస్తే పై స్థాయి శబ్దాలు నాకు తగ్గాయని తేలింది. వయసుతో ముందు పోయేవి అవే. దానికి ఆంప్లిఫయర్ మందు కాదు, పైగా ఉన్న వినికిడిని కూడా తినేస్తుంది. పెద్దలకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అరవై దాటినవారు కొనే ముందు ఒకసారి చెవి పరీక్ష చేయించుకోండి.

కొట్టుకు వెళ్ళేటప్పుడు మీ హెడ్‌ఫోన్, మీకు కంఠతా వచ్చిన ఒక పాట తీసుకెళ్ళండి. ఫోనులో ఒకసారి, పెట్టెలో ఒకసారి ఒకే గట్టిదనంలో వినండి. కాస్త గట్టిగా వినిపించేదే బాగుందని చెవి పొరపడుతుంది, అమ్మేవాడికి ఆ సంగతి తెలుసు. తేడా తెలియకపోతే ఆ డబ్బు జేబులోనే ఉంచుకుని రండి. కొంటే మాత్రం తిరిగి తీసుకునే గడువు ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకోండి.