సినిమాలో లేని హెలికాప్టర్

1970లలో అమెరికాలో రోజర్ కార్మన్ కంపెనీ న్యూ వరల్డ్ పిక్చర్స్ ట్రైలర్లలో ఒక హెలికాప్టర్ పేలుతూ ఉండేది. కథ ఏదైనా సరే, ట్రైలర్ కాస్త చప్పబడిందనిపిస్తే చాలు, ఆకాశంలో భళ్లుమని మంట. టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లినవాడు చివరిదాకా కూర్చున్నా ఆ హెలికాప్టర్ వచ్చేది కాదు. అసలది ఆ సినిమాలోది అయితే కదా! వేరే సినిమా నుంచి తెచ్చుకున్న ముక్క అది. అరువు షాటు.

ఆ ట్రైలర్లు కట్ చేసిన జో డాంటే, అలన్ ఆర్కుష్ అప్పటికి కాలేజీ వాసన పోని కుర్రాళ్లు. ఆర్కుష్ న్యూయార్క్ యూనివర్సిటీలో సినిమా చదువుకున్నాడు. డాంటే ఫిలడెల్ఫియాలో ఆర్ట్ కాలేజీ విద్యార్థి. 1968లో డాంటే తన మిత్రుడు జాన్ డేవిసన్‌తో కలిసి ఒక వింత పని చేశాడు. పాత సినిమాలు, టీవీ కార్యక్రమాలు, వ్యాపార ప్రకటనలు, దొరికిన 16 ఎం.ఎం. రీళ్లన్నీ కోసి అతికించి 'ది మూవీ ఆర్జీ' అని ఏడు గంటల కదంబం తయారుచేశాడు. దానికి రెండో ప్రింటు లేదు. అతుకుల మీద అతుకులున్న ఆ ఒక్క ప్రతినే కాలేజీల వెంట తిప్పి చూపించారు. ఖర్చు ఓ బీరు కంపెనీ పెట్టుకుంది. ఒకరు తీసిన బొమ్మ పక్కన ఇంకొకరు తీసిన బొమ్మ పెడితే మూడో అర్థం పుడుతుందని వాళ్లు పాఠ్యపుస్తకంలో చదివి నేర్చుకోలేదు. హాల్లో పిల్లలు ఎక్కడ నవ్వారో, ఎక్కడ లేచి బయటికి పోయారో చూసి నేర్చుకున్నారు.

ఆ మాటకొస్తే ట్రైలర్ అనే వస్తువు పుట్టుకలోనే ఈ అరువు గుణం ఉంది. 1913లో నిల్స్ గ్రాన్‌లండ్ అనే ఆయన మార్కస్ లోయ్ థియేటర్ల ప్రచారం చూసేవాడు. 'ది ప్లెజర్ సీకర్స్' అనే సంగీత నాటకం రిహార్సళ్లను కెమెరాతో తీయించి, ఆ చిన్న ముక్కను లోయ్ హాళ్లలో వేయించాడు. తొలి ట్రైలర్లలో ఒకటిగా చెప్పుకునే దాని వెనక అసలు సినిమాయే లేదన్నమాట. తరువాత 1919లో నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే సంస్థ వచ్చింది. మొదట్లో వాళ్ల చేతిలో సినిమా ఫిల్ము కూడా లేదు, స్టూడియోల అనుమతీ లేదు. స్టిల్ ఫోటోలకు అక్షరాలు జోడించి ట్రైలర్లు చేసి అమ్మారు. వ్యాపారం నిలదొక్కుకున్నాకే స్టూడియోలు తమ ఫిల్ము ఇచ్చాయి. అక్కడి నుంచి కొన్ని దశాబ్దాల పాటు హాలీవుడ్ ట్రైలర్లలో సింహభాగం ఆ ఒక్క కార్ఖానా నుంచే వచ్చాయి. మొదట్లో ఈ ముక్కను సినిమా అయిపోయాక, చివర అతికించేవారు. వెనక వచ్చేది కాబట్టి ట్రైలర్. జనం లేచిపోతున్నారని ముందుకు జరిపారు గానీ పేరు మాత్రం వెనకే ఉండిపోయింది.

ఫిల్ము రోజుల్లో ట్రైలర్ కట్ చేయడంలో ఒక చిక్కు ఉండేది. ఇప్పుడు లాప్‌టాప్ మీద ఎడిట్ చేసే కుర్రాడికి అది బొత్తిగా తట్టదు. సినిమా నెగెటివ్ ఒక్కటే. ఓకే టేకు ఆ నెగెటివ్‌లో సినిమాకే పోతుంది. అదే షాటు ట్రైలర్‌కూ కావాలంటే లాబ్‌లో డూప్ నెగెటివ్ తీయించాలి. డబ్బు దండగ, పైగా బొమ్మ మసకబారుతుంది. అంచేత పక్కన పెట్టిన టేకులు వెతికి వాడేవారు. పాత ట్రైలర్లలో హీరో చెప్పే డైలాగు సినిమాలో ఉన్నట్టు కాకుండా కాస్త తేడాగా వినిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. నిమిషానికి 90 అడుగులు పరుగెత్తే 35 ఎం.ఎం. ఫిల్ములో రెండు నిమిషాల ట్రైలరంటే 180 అడుగులు. వాటి కోసం వేల అడుగుల రష్ ప్రింటును మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం మీద తిప్పి, షాట్లను బుట్టపైన కొక్కేలకు వేలాడదీసి, అవసరమైన అరసెకను ముక్కను అందులోంచి ఏరుకోవాలి. 12 ఫ్రేములు, అంటే సుమారు జానెడు. నేల మీద పడితే అంతే సంగతులు.

ఈ కత్తిరింపుల గొడవే వద్దనుకున్న మొనగాళ్లూ ఉన్నారు. ఆర్సన్ వెల్స్ 'సిటిజన్ కేన్' ట్రైలర్ కోసం సినిమాలోంచి ఒక్క షాటూ తీసుకోలేదు. నాలుగు నిమిషాలు విడిగా తీసి, నటీనటుల్ని పరిచయం చేసి, తాను గొంతుగా మాత్రమే మిగిలాడు. 1960లో హిచ్‌కాక్ 'సైకో' కోసం ఆరు నిమిషాలకు పైగా మోటెల్ అంతా తిప్పి చూపించి, చివర స్నానాల గది తెర లాగుతాడు. కెవ్వుమన్న ఆ ముఖం సినిమాలో ఆ పాత్ర వేసిన జానెట్ లీది కాదు. ఆమె అందుబాటులో లేకపోతే మరో నటి వీరా మైల్స్‌కి విగ్గు పెట్టి నిలబెట్టారు! గుట్టు బయటపడకుండా ఊరించడానికి ఇంతకంటే మంచి దారి ఈ వ్యాసకర్తకు తోచదు.

మన దగ్గర బొమ్మ లేని ట్రైలర్ కూడా ఉండేది. వివిధభారతిలో 1967లో వాణిజ్య ప్రసారాలు మొదలయ్యాక కొత్త సినిమాల ప్రచారానికి రేడియో కార్యక్రమాలు వచ్చాయి. పాట పల్లవి, వెంటనే ఒక వాడి డైలాగు, విలన్ నవ్వు, మళ్లీ పల్లవి. కథ ఎంత చెప్పాలి, ఎక్కడ ఆపాలి అన్న లెక్క అక్కడా అదే. కాకపోతే కోసేది సౌండ్ ట్రాకును.

ఫిల్ము స్కూలు విద్యార్థికి ఈ లెక్క ఇంకా ఇరుకు. రెండు గంటల సినిమాకు రెండు నిమిషాల ట్రైలరంటే అరవయ్యో వంతు. 12 నిమిషాల డిప్లొమా ఫిల్ముకు ఒక్క నిమిషం ట్రైలర్ చేసినా పన్నెండో వంతు కరిగిపోతుంది. ఉన్న నాలుగు మంచి షాట్లూ అందులోకే వెళ్తాయి, మలుపు కూడా బయటపడుతుంది. ఫిల్ము కొలిచి ఇచ్చే రోజుల్లో మిగులు టేకులు కూడా ఉండేవి కావు. 16 ఎం.ఎం.లో 400 అడుగుల రోలు 11 నిమిషాలకే అయిపోతుంది. డిజిటల్ వచ్చాక ఫుటేజీ కరువు తీరింది, కొత్త తలనొప్పి సంగీతంతో మొదలైంది. తాత్కాలికంగా పెట్టుకున్న పెద్ద సినిమా బాణీకి కట్‌లన్నీ తాళం వేసుకుంటాయి. హక్కులు లేవని ఆ బాణీ తీసేసిన రోజున ఒక్క కట్టూ కుదరదు.

న్యూ వరల్డ్ కుర్రాళ్లు లేమినే పెట్టుబడి చేసుకున్నారు. కంపెనీ చరిత్రలో అన్నిటికంటే చవక సినిమా తీస్తామని 'మూవీ ఆర్జీ' మిత్రుడు డేవిసన్ కార్మన్‌తో పందెం కాశాడు. చేతిలో సుమారు 60,000 డాలర్లు, పది రోజుల షూటింగు. ట్రైలర్లు కట్ చేసీ చేసీ ఏ పాత సినిమాలో ఏ పేలుడు ఉందో, ఏ కారు ఎక్కడ పల్టీ కొడుతుందో డాంటేకీ ఆర్కుష్‌కీ కంఠతా వచ్చు. ముందు ఆ షాట్లు ఏరుకుని, వాటి చుట్టూ కథ అల్లించి, పాత ఫిల్ములోని మనుషులతో సరిపోయేలా నటులకు బట్టలు తొడిగారు. అలా 1976లో 'హాలీవుడ్ బులెవార్డ్' వచ్చింది. ఇద్దరూ కలిసి దర్శకత్వం వహించారు. రెండేళ్లకు డాంటే 'పిరానా' తీశాడు, 1984లో 'గ్రెమ్లిన్స్'. 2007లో పాత ట్రైలర్లు చూపిస్తూ వాటి మీద దర్శకుల చేత కబుర్లు చెప్పించే 'ట్రైలర్స్ ఫ్రమ్ హెల్' మొదలుపెట్టింది కూడా ఆయనే.